రాదారి చీటీ సంఘము చేతికి రావలెను



మన సారపాక రేవున నిలుచుండి చూచినచో ఎదుటి ఒడ్డు భద్రాచలము. నడుమ గోదావరి. 1965వ సంవత్సరమున వంతెన పడినది మొదలు ఆ దాటు ఒక పని యని యెవరును తలంచుట లేదు. కాని భద్రాచలము దాటి ఎగువకు, దుమ్ముగూడెము, చర్ల మండలములకు పోవువారు మన రాష్ట్రమునుండి బయలుదేరి, పొరుగు రాష్ట్రమున కొంత దూరము నడచి, మరల మన రాష్ట్రముననే దిగుచున్నారు. మనుష్యులకు దీనివలన బాధ లేదు. బస్సులో కునుకు తీయువానికి సరిహద్దు ఎచ్చట వచ్చినదో, ఎచ్చట పోయినదో తెలియనే తెలియదు. బాధ యంతయు సరకునకే.

దీనికి కారణము మీరెరిగినదే. 2014లో రాష్ట్రము విభజింపబడినప్పుడు పోలవరము ముంపు నిమిత్తము ఏడు మండలములకు సంబంధించిన గ్రామములు ఆంధ్రప్రదేశమునకు చేర్చబడెను. భద్రాచల మండలమున భద్రాచలము గ్రామము మాత్రము మనకు మిగిలినది. ఎటపాక మొదలగు చుట్టుపట్ల గ్రామములు అటుపోయినవి. మన బూర్గంపాడు మండలము సయితము రెండుగా చీలినది. మనకు నిలిచిన గ్రామముల పేర్లు చట్టములో వరుసగా వ్రాయబడి యున్నవి. వానిలో సారపాక యొకటి. గీత గీచినవారిని నిందించుట నా యుద్దేశము కాదు. గీతకు ఆవలినుండి వచ్చు మన సరకు మనదేనని ఎవరు చెప్పవలెను, ఎట్లు చెప్పవలెను అనునదే ఈ వ్యాసమున నేను విచారింపదలచిన సంగతి.

ఈ యేటికి సరిహద్దు క్రొత్త కాదు. 1860లో నైజాము ప్రభువు ఎడమ ఒడ్డుననున్న భద్రాచలము ప్రాంతమును బ్రిటిషువారికి వదలుకొనెను. నాటినుండి హైదరాబాదు రాజ్యము ముగియువరకు ఈ ఒడ్డు ఒకరిది, ఆ ఒడ్డు మరియొకరిది. ఆవలి తాలూకా మొదట మధ్యపరగణాలలో నుండి, 1874లో చెన్నపురి రాజధానిలోని గోదావరి జిల్లాకు పోయి, 1959లో గాని ఖమ్మము జిల్లాలో కలియలేదు. నైజాము రాజ్యమున సుంకపు శాఖను కరోడ్‌గిరీ యనెడివారు. కరోడ్‌గిరీ నాకా యన్న మాట మా తాతగారి నోట నేను చిన్ననాట వినియుంటిని. ఆ మాట పలుకునప్పుడు ఆయన ముఖము చిట్లించుకొనెడివాడు. సుంకరి యెదుట సుఖదుఃఖములు చెప్పుకొన్నట్లు అను సామెత ఊరకే పుట్టలేదు గదా!

అయినను ఆ 1860 నాటి యొడంబడికలో ఒక షరతు నేటికిని మనము కన్నులకద్దుకొనదగినది. గోదావరి సరిహద్దుగా నున్నంత మేర, ఏటిపై ఎగువకుగాని దిగువకుగాని పోవు సరకుపై ఉభయ ప్రభుత్వములును సుంకము గైకొనరాదని దానిలో వ్రాసికొనిరి. దీని భావమేమి? ఒక ఒడ్డునుండి మరియొక ఒడ్డునకు చేరి అచ్చట అమ్ముడుపోవు సరకు వేరు. ఆ దారిన పోవుచు ఎచ్చటను దిగక సాగిపోవు సరకు వేరు. మొదటిదానిని ఆపి అడుగుటకు దొరతనమునకు హక్కు గలదు. రెండవది బాటసారి. బాటసారిని ఇంటిపన్ను అడుగరు. దుమ్ముగూడెము ఆనకట్ట కట్టి ఏటిని పడవల రాచబాటగా చేయవలెనని నాడు సంకల్పించిరి. ఆ పని అనుకొన్నట్లు సాగక 1871లో నిలిపివేయబడినది. ఆనకట్ట నేటికిని దుమ్ముగూడెము వద్ద నున్నది. షరతును మాత్రము అందరును మరచిరి.

దారిన పోవు సరకును గూర్చి ఇతర దేశములవారు ఏమి చేయుచున్నారో కొంచెము చెప్పెదను. టర్కీ దేశమునుండి జర్మనీకి పోవు లారీ బల్గేరియా, రుమేనియా, హంగేరీ, ఆస్ట్రియాలను దాటిపోవలసియుండును. ప్రతి సరిహద్దునను సుంకము కట్టి, మరల తిరిగి పుచ్చుకొనుచు పోయినచో ఆ వర్తకము నాలుగు దినములలో మూతపడును. కావున ఐరోపావారు 1987లో ఉమ్మడి రాదారి ఒప్పందమొకటి చేసికొనిరి. టర్కీ అందులో 2012లో చేరినది. పద్ధతి యిది. బయలుదేరు చోట ఒక చీటీ తెరచెదరు. సరకు ఎంత, ఎచ్చటికి, ఎన్నాళ్లలో చేరవలెను అనునది అందులో నుండును. సుంకమునకు సరిపడు జామీను ముందే యుండును. బండికి సీలు వేయుదురు. చేరిన చోట సీలు చూచి, సరకు సరిపోయినదని చీటీ మూసివేయుదురు. మూయబడని చీటీకి జామీను దారుడు చెల్లించుకొనవలెను. నడుమ దేశములవారు సామాన్యముగా చీటీని, సీలును చూచి విడిచిపెట్టుదురు.

ఇందులో మరియొక మెట్టు కలదు. చిరకాలము నమ్మకముగా వ్యవహరించి, లెక్కలు చక్కగా నుంచి, అప్పులు తీర్చుకొను శక్తిగల వర్తకునకు ప్రత్యేకాధికార మిత్తురు. అతడు సరకును సుంకపు కచ్చేరీకి తోలుకొనిపోనక్కరలేదు. తన గిడ్డంగిలోనే చీటీ తెరచి, సీలు తానే వేసి, పైవారికి తెలియజేసి బండిని పంపవచ్చును. సరకు పుచ్చుకొనువానికిని అట్టి యధికారమే కలదు. పైవారు ఎప్పుడు వచ్చి లెక్కలు చూపుమన్నను చూపవలెను. తప్పు దొరికినచో అధికారము పోవును. ఇంతియే.

ఇది దూరదేశపు వింత యని త్రోసివేయనక్కరలేదు. మన తెలుగునాటనే విశాఖపట్టణము రేవు కలదు. నేపాలు దేశమునకు సముద్రము లేదు. వారి సరకునకు పూర్వము కలకత్తా రేవే దిక్కుగా నుండెను. 2016లో విశాఖ కూడ తెరవబడినది. ఓడనుండి దిగిన పెట్టెకు ఎలక్ట్రానిక్ సీలు వేసి రైలుపై బీర్‌గంజి వరకు పంపుచున్నారు. పరదేశపు సరకు మన నేలపై వందల మైళ్లు నడచుచున్నను, సీలు చెదరనంతవరకు దారిలో విప్పి చూచువాడు లేడు. మన ఎగుమతి వర్తకులకు సయితము 2017 నుండి, అనుమతి పొందినచో, తమ కర్మాగారములోనే పెట్టెకు సీలు వేసికొని రేవునకు పంపు వెసులుబాటు కలదు. నమ్మదగిన వర్తకులని ముద్రవేసి సులభమార్గము చూపు పథకము మన దేశమున 2011లోనే మొదలైనది.

ఇక ప్రశ్న. నేపాలు వర్తకునకు దొరకు మర్యాద చర్ల రైతునకు ఏల దొరకదు?

ఏమియు జరుగలేదనుట న్యాయము కాదు. 2017 జూలైలో జీయస్టీ వచ్చినప్పుడు వాణిజ్యపన్నుల తనిఖీ కేంద్రములు ఎత్తివేయబడినవి. ఆ సంవత్సరముననే అడవి వెలుపల పెరిగిన వెదురు చెట్టు కాదని చట్టము సవరింపబడి, మన గట్టు వెదురునకు విముక్తి కలిగినది. కలపకు దేశమంతటికి ఒకే పాసు అను పద్ధతిని 2020లో మొదట మధ్యప్రదేశమునను మన తెలంగాణమునను పరీక్షించి చూచి, 2023 డిసెంబరు 29న దేశమంతటికి ప్రారంభించిరి. సెల్‌ఫోనులోనే దరఖాస్తు పెట్టవచ్చును. మినహాయింపు పొందిన జాతులకు రైతు స్వయముగా నిరాక్షేపణ పత్రము తీసికొనవచ్చును. దానిపై నున్న గళ్ల ముద్రను తనిఖీదారు ఫోనుతో చూచినచో వివరములన్నియు బయటపడును. మంచి పనియే. అయితే ఫోనులో సంకేతము అందని పల్లెలో, పట్టా వివరములు సరిగా నెక్కని రైతునకు, ఒక రాష్ట్రమున మినహాయింపు పొందిన జాతి మరియొక రాష్ట్రమున పొందకపోవచ్చునను సంగతి తెలియని లారీ డ్రైవరునకు ఆ మంచి ఎంత దూరము వచ్చినది? ఈ ప్రశ్నకు నా యనుభవమొకటి చెప్పెదను. ఇందులో తప్పు సగము నాదే.

దుమ్ముగూడెము వైపు ఒక రైతు, పేరు చెప్పను, నా మాటపై జామాయిలు వేసెను. మన ప్రాంతపు రైతులకు భద్రాచలము క్లోన్లు క్రొత్త కాదు. 1979 నుండి సారపాకలో కాగితపు మిల్లు నడుచుచున్నందున కట్టెకు గిరాకి చేతికందు దూరముననే కలదు. కొట్టుడు కాలము వచ్చినది. దళారి వాకిట నిలిచి, నిలువుచెట్ల మీద ధర చెప్పెను. టన్ను లెక్కన సొంతముగా తోలినచో ఎక్కువ మిగులునని నేను సలహా చెప్పితిని. చీటీ కూడ నేనే పూరించితిని. లారీ బయలుదేరినది. దారిలో ఒకచోట ఆపిరి. చీటీలో బండి సంఖ్యయందు రెండంకెలు తారుమారైనవి. అది నా పొరపాటు. కాని అడిగిన ప్రశ్న అదియొక్కటే కాదు. ఈ కట్టె ఏ రాష్ట్రపుది? పట్టాలో పుట్టినదా, అడవిలో పుట్టినదా? ఇటనుండి అటు పోయి మరల ఇటు ఏల వచ్చుచున్నది? డ్రైవరునకు బదులు రాలేదు. రెండు రాత్రులు లారీ నిలిచినది. పచ్చికట్టె ఎండలో నిలిచినకొలది బరువు తగ్గునని మీకు నేను చెప్పనక్కరలేదు. కాటా మీద ఆ తగ్గిన బరువే నిలిచినది. లారీ నిలుపుదల కూలి వేరు. కడపట లెక్క చూచుకొనగా దళారి చెప్పిన ధరకును ఆ రైతునకు ముట్టిన దానికిని భేదము లేకపోయెను. అతడు నన్నొక్క మాట అనలేదు. "మలిసారి నిలువుచెట్లే అమ్ముదును లెండి, అయ్యా" అని మాత్రమనెను. ఆ మాట నన్ను నేటికిని గ్రుచ్చుచున్నది.

దళారి యేమి చేయుచున్నాడో ఆలోచింపుడు. చెట్టు నాటువాడు కాడు, నీరు పెట్టువాడు కాడు. అతడు అమ్ముచున్నది ఒక్కటే: కాగితపు చిక్కును తాను పడెదనను మాట. చీటీ యెవని చేతిలో నున్నదో లాభము వాని చేతిలో నున్నది. పట్టా గట్టున నాలుగు టేకు చెట్లున్న కోయ రైతు ఆ నాలుగింటిని బిడ్డ పెండ్లికి కొట్టుకొనవలెనన్నను, అనుమతి యను మాట వినగానే భయపడి వచ్చిన వెలకు ఇచ్చివేయుచున్నాడు. అడవిహక్కు పట్టా పొందినవాని భయము ఇంకను హెచ్చు.

ధాన్యము సంగతి వేరుగా చెప్పవలసినంత లేదు. 2024 వానకాలపు పంటనుండి మన రాష్ట్రమున సన్న రకములకు క్వింటాలుకు 500 రూపాయలు అదనముగా ఇచ్చుట మొదలైనది. అట్టి సహాయమున్నప్పుడు పొరుగు ధాన్యము చాటుగా రాకుండ సరిహద్దులయందు కాపలా పెట్టుట న్యాయమే. అయితే చర్లలో పండి ఎటపాక మీదుగా వచ్చు బస్తా చూపరులకు పొరుగు బస్తాయే. దాని నొసట ఏమియు వ్రాసియుండదు.

నేను చెప్పదలచినది యేమనగా, నమ్మకపు అధికారము ప్రతి రైతునకు విడివిడిగా వచ్చునని ఆశింపరాదు. అధికారము పొందు వర్తకునకు కావలసినవి మూడు: ఏళ్లతరబడి లెక్కపుస్తకములు, చెల్లించుకొను శక్తి, మచ్చలేని వ్యవహారము. మూడెకరముల రైతు వద్ద లెక్కపుస్తకమెక్కడిది? కావుననే ఈ సౌకర్యములన్నియు పెద్ద కంపెనీల గుమ్మము దాటి మన గుమ్మమునకు రాలేదు. కాని మన సహకార సంఘమునకు ఈ మూడును గలవు. ఏటేట ఆడిటు జరుగుచున్నది. వాటాధనమున్నది. ఎవని భూమి ఎంత, పంట యేది, అప్పు తీర్చు గుణమెట్టిది అను సంగతులు మన పద్దులలో నున్నంత స్పష్టముగా మరియే కచ్చేరీలోను లేవు. కావున అధికారము పొందిన పంపకదారుగా ప్రభుత్వము గుర్తింపవలసినది సంఘమునే.

చట్టమున దీనికి తావులేదని యనువారు 2006 నాటి అటవీహక్కుల చట్టపు నియమములను చూడవలెను. 2012లో సవరింపబడిన ఆ నియమముల ప్రకారము చిన్నతరహా అటవీఫలసాయమునకు రవాణా అనుమతిని గ్రామసభ నియమించిన కమిటీయే ఇయ్యవచ్చును. మన గోదావరికి ఎగువననున్న గడ్చిరోలి జిల్లాలో మెండా-లేఖా యను గోండు గ్రామమునకు 2011 ఏప్రిలులోనే వెదురు రవాణా చీటీల పుస్తకము అప్పగింపబడెను. నాటి కేంద్ర మంత్రి జైరాం రమేష్ స్వయముగా ఆ గ్రామమునకు వెళ్లియుండెను. అడవిలోని వెదురునకు ఒక గ్రామము చీటీ వ్రాయగలిగినప్పుడు, తన సభ్యుని పొలములోని చెట్టునకు ఒక రిజిస్టరు సంఘము చీటీ వ్రాయలేదా?

పద్ధతి ఎట్లుండవలెనో నాకు తోచినది చెప్పెదను. సంఘమున చెట్ల పద్దు ఒకటి తెరవవలెను: సర్వే సంఖ్య, జాతి, నాటిన యేడు, చెట్ల లెక్క. నాటిననాడే వ్రాసినచో కొట్టుడునాడు వాదము పుట్టదు. కొట్టుటకు ముందు ముగ్గురు సభ్యులు, వారిలో ఒక్కడైనను ఆ రైతునకు బంధువు కానివాడు, తోటకు పోయి చూడవలెను. టేకు వంటి విలువగల కలపయైనచో మొద్దునకును, నేలనున్న మోటునకును ఒకే ముద్ర వేయవలెను. చీటీ తోట గట్టుననే, లారీ ముందు నిలిచి, దాని సంఖ్యను కంటితో చూచి వ్రాయవలెను. (ఈ చివరిమాట ఎవరినుద్దేశించి వ్రాసినదో మీకు తెలిసినదే.) చీటీలో దారి, గడువు ఉండవలెను. "పొరుగు రాష్ట్రము మీదుగా మరల స్వరాష్ట్రమునకు" అను మాట పెద్దయక్షరములతో ఉండవలెను. వ్రాసిన క్షణముననే దాని ప్రతి ఫోను ద్వారా ఇరురాష్ట్రముల అటవీ అధికారులకు చేరవలెను. మిల్లు కాటా రసీదు తిరిగి వచ్చి పద్దులో అంటింపబడినప్పుడే ఆ చీటీ మూయబడినట్లు. మూయబడని చీటీ యొకటి మిగిలియుండగా ఆ సభ్యునకు రెండవది ఇయ్యరాదు. జామీను నిమిత్తము టన్నుకు కొద్దిపాటి సొమ్ము పట్టి ప్రత్యేకనిధిగా నుంచవచ్చును. ధాన్యమునకు ఇంత అవసరము లేదు. కొనుగోలు కేంద్రపు టోకెనుతోపాటు సంఘము సీలు వేసిన బాటసారి చీటీ చాలును.

దీనివలన దొంగకలప పెరుగునని అటవీశాఖలోని మిత్రులొకరు నాతో వాదించిరి. వారి భయము నిర్హేతుకము కాదు. పట్టా టేకు పేరిట అడవి టేకు నడిచిన ఉదంతములు వారెరిగినవి. కాని నేను వారినడిగితిని: దొంగ ఏ దారిని పోవును? చీటీ చేతబట్టుకొని పట్టపగలు రాచబాటను వచ్చి చౌకీ ముందు నిలుచునా? నేటి పద్ధతిలో ఆగుచున్నది ఆగువాడే. పది నమ్మకపు బండ్లను ఆపుటకు పట్టు కాలము మిగిలినచో, అనుమానపు బండిని వెదకుటకు ఆ మనుష్యులే దొరకుదురు. పైగా నేడు పట్టాదారుడు మోసము చేసినచో నష్టము వానికొక్కనికే. సంఘము పూచీపడినచో చూచు కన్నులు వందలు. ఆయన పూర్తిగా ఒప్పుకొనలేదు. ముద్ర సుత్తి సంఘము చేతికి ఇచ్చుట తనకు సమ్మతము కాదనిరి. ఆ యొక్క విషయమున ఆయన మాటయే నిలువనిత్తము. ముద్ర వేయుటకు శాఖవారే వత్తురుగాక. అయితే దరఖాస్తు పెట్టిన ఇన్ని దినములలో రావలెనని గడువుండవలెను, రానిచో కారణము వ్రాసి తెలుపవలెను.

నా భయము వేరుచోట నున్నది. నేను చదివినది మిషను బడి, నివసించినది దాని హాస్టలు. పై తరగతి పిల్లలకు వార్డెనుగారు గేటు పుస్తకమును వదలియుండెడివారు. పోవునప్పుడు పేరు, గంట వ్రాసి పోవలెను, వచ్చినప్పుడు వ్రాయవలెను. అడుగువాడు లేడు. రెండేండ్లు చక్కగా సాగినది. ఒకనాడొకడు తన పేరున మరియొకని సినిమాకు పంపెను. మరునాడు పుస్తకము వార్డెనుగారి గదికి పోయినది. మేమున్నంతకాలము మరల రాలేదు. తప్పు చేసినవాడొకడు, గేటు వద్ద నిలిచినవారము నలువదిమందిమి. ఆ పోయిన పుస్తకమే సంఘపు చీటీని తలంచునప్పుడెల్ల నాకు జ్ఞాపకమువచ్చును.

సభ్యులారా, మొగమాటము మన పల్లెలలో పెద్ద జబ్బు. బావమరది చెట్లు నా పద్దులో వ్రాయుమని యొకడు వచ్చును. దళారియే సభ్యుని ముందు నిలిపి వెనుకనుండి నడుపజూచును. కార్యదర్శి కాదనలేడు, అధ్యక్షుడు ఎన్నికలను తలంచుకొని ఊరకుండును. అట్టి సంఘమునకు ఈ యధికారము రాకుండుటయే మేలు. కావున చీటీల పద్దు నెలకొకసారి సంఘపు గోడపై అంటింపబడవలెను. ఎవని చీటీ తెరచియున్నది, ఎవనిది మూయబడినది, ఎవని చెట్లు పద్దుకంటె ఎక్కువ కొట్టబడినవి అనునది త్రోవన పోవువాడు సయితము చదువగలిగినచో మొగమాటమునకు చోటు తగ్గును.

రాబోవు సర్వసభ్య సమావేశపు పట్టికలో ఈ విషయమును చేర్చవలసినదని కార్యదర్శిగారిని కోరియున్నాను. తీర్మానము కుదిరినచో అది జిల్లా సహకార అధికారిగారికిని, అటవీ అధికారిగారికిని, ఎటపాక వైపు అధికారులకును పోవలెను. ఒకరికి పంపి మరియొకరిని మరచినచో లారీ మరల అచ్చటనే నిలుచును. చెట్లు గల సభ్యులు పట్టాదారు పాసుపుస్తకముతో, ఏ గట్టున ఎన్ని చెట్లున్నవో తాము స్వయముగా లెక్కించిన చీటీతో వచ్చినయెడల, సమావేశమునకు ముందు రెండుదినములు నేను సంఘ కార్యాలయముననే యుండి పద్దు వ్రాసిపెట్టుదును. బండి సంఖ్యలు మాత్రము మరియొకరిచేత సరిచూపించెదను.